నూడుల్స్ తిని సన్నబడ్డ టైలర్

సోమవారం, పొద్దున్నే

నిర్ణయం! నేటి నుంచి నూడుల్స్ బంద్. ముట్టను. చూడను. వాసన పీల్చను (వీలైనంత వరకు).

వచ్చే ఆదివారానికి మా పెళ్లయి పాతికేళ్లు. ఉన్న ఒక్క పెళ్లి ఫొటో పైకప్పు కారి పాడైపోయింది. ఇన్నేళ్లలో ఏదీ అడగని మా ఆవిడ నిన్న నోరు తెరిచి అడిగింది. "ఆ పెళ్లి కోటే వేసుకోండి. మళ్లీ ఒక ఫొటో దిగుదాం. నాకింకేం వద్దు."

ఆ కోటు నేను కుట్టుకున్నదే. కాజాలు ఆవిడ కుట్టింది. వేసి చూస్తే గుండీకీ కాజాకీ మధ్య నాలుగు వేళ్ల దూరం! ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

సోమవారం, మధ్యాహ్నం

కష్టకాలం. నా ఆల్టరేషన్ షాపు ఫుడ్ కోర్టులోనే ఉంది. గోడ అవతల చేత్తో లాగి చేసే చైనా నూడుల్స్ స్టాలు. ఊరు ఊరంతా అక్కడే క్యూ. మాస్టర్ పిండిని బల్లకేసి కొడుతున్నాడు. ఠప్! గోడ అదిరింది. ఠప్! ఎవరిదో ప్యాంటు కుట్టు వంకర పోయింది.

తిన్నది: కీరదోసకాయ. రాత్రికీ అదే. బతుకు మీద విరక్తి.

మంగళవారం

నూడుల్స్ మాస్టర్ ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చాడు. చేతిలో గిన్నె! "టైలర్ గారూ, ఉప్పు సరిపోయిందో లేదో కాస్త చెప్పండి చాలు."

ఉప్పు చూడటం తినడం కాదు. పైన సరిపోయింది. అడుగున కూడా సరిపోయిందో లేదో చూడాలిగా! చూశాను. సరిపోయింది.

బుధవారం

అద్భుతం!! పొద్దున్న కోటు వేసుకుంటే మూడు వేళ్లే దూరం!

నిన్న మామూలుకి మించి తిన్నదల్లా ఆ గిన్నెడు నూడుల్సే. అంటే? పొడుగ్గా, సన్నగా ఉన్నది తింటే మనిషీ అలాగే అవుతాడన్నమాట. ఈ సంగతి డాక్టర్లకు తెలియదా, తెలిసీ దాచారా?

మధ్యాహ్నం: ఒక ప్లేటు. వైద్యం కోసం మాత్రమే.

గురువారం

రెండు వేళ్లు! ఈ రోజు రెండు ప్లేట్లు.

స్కర్టు వదులు చేయమని వచ్చిన బ్యాంకు మేనేజరమ్మతో, "ఎందుకమ్మా డబ్బు దండగ? పక్కనే నూడుల్స్ తినండి. లాగిన పిండి కదా, ఒంట్లో కొవ్వునీ లాగేస్తుంది" అన్నాను. స్కర్టు వెనక్కి తీసుకుని తిన్నగా క్యూలోకి వెళ్లింది. బేరం పోయిందని తర్వాత గుర్తొచ్చింది.

శుక్రవారం

ఒక్క వేలు! మూడు ప్లేట్లు. కక్కుర్తి కాదు, క్రమశిక్షణ.

మా ఆవిడ ఎందుకో కంగారు పడుతోంది. "ఇక చాలండీ. ఇంతకంటే తగ్గకండి." పిచ్చిది, నేను చిక్కిపోతానని భయం.

శనివారం, సాయంత్రం

గుండీ పట్టింది! పట్టిందహో! ఆనందంతో గట్టిగా ఊపిరి తీశాను.

పర్ర్ర్.

వీపు మీద కుట్టు ఊడింది. కోటు తిరగేసి చూశాను. కుట్టేటప్పుడు లోపల నేను అదనంగా మడిచి వదిలిన గుడ్డంతా విప్పేసి ఉంది. పక్కలా అంతే, వీపూ అంతే. పాత కుట్టు నాది. కొత్త కుట్టు చిన్నగా, ఒత్తుగా, కాజాలు కుట్టే చేతిది. పొద్దస్తమానం ఊళ్లో వాళ్ల బట్టలు తిరగేసే నేను నా కోటు ఒక్కసారీ తిరగేసి చూడలేదు.

"విప్పింది నువ్వేనా?"

"మరేం చేయమంటారు? సోమవారం కీరదోసకాయ తిని గోడవైపు తిరిగి పడుకున్నారు. చూడలేకపోయాను. మీరు షాపుకెళ్లగానే రోజూ కాస్త కాస్త వదులు చేశాను."

"చెప్పొద్దూ!"

"తగ్గానని చిన్నపిల్లాడిలా గెంతుతుంటే ఎలా చెప్పను? పైగా ఆకలికి మాడుతున్నారనుకున్నాను!"

అప్పుడు నూడుల్స్ సంగతి చెప్పక తప్పలేదు. మొత్తం ఎన్ని ప్లేట్లో లెక్క కూడా చెప్పాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. మంచం మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ వెనకే ఆవిడ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆదివారం

లోపల ఇక గుడ్డ లేదు. వీపు కుట్టు మెడదాకా విప్పేసి, రెండు ముక్కల్నీ చొక్కాకి పిన్నులతో పట్టించాం. ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకుని. వెనక నుంచి చూస్తే తెరిచిన తలుపు.

ఫొటోగ్రాఫర్: "సార్, పాతికేళ్లయినా ఏమీ మారలేదు!" పక్కన మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఫొటోలో ఆవిడ పళ్లన్నీ కనిపించాయి. పెళ్లి ఫొటోలో అస్సలు నవ్వలేదు, ఇదే బాగుంది.

తర్వాత నూడుల్స్‌కి వెళ్లాం. ఫుడ్ కోర్టు పొడుగునా ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, చిరుగు కనబడకుండా నా వెనకే నడిచింది. ఆవిడకి అక్కడ తినడం ఇదే మొదలు. మొదటి ముద్ద మింగి నా వంక కోపంగా చూసింది.

"ఇదా ఇన్నాళ్లూ మీరొక్కరే తిన్నది?"

రెండో ప్లేటు ఆవిడే చెప్పింది.

సోమవారం, పొద్దున్నే

నిర్ణయం! నేటి నుంచి నూడుల్స్ బంద్. ఈసారి ఇద్దరికీ.

వీపులో కొత్త గుడ్డ వేసి కోటు బాగు చేశాను. సరిగ్గా నా పెళ్లినాటి కొలతకే కుట్టాను. మా ఆవిడ తిరగేసి చూసింది.

"కొలత సరే, లోపల ఇంత గుడ్డ మడిచి వదిలారేంటి?"

"ఎప్పుడైనా నువ్వు మళ్లీ వదులు చేయడానికి" అన్నాను.