వరమ్మ ఉన్నట్టా, లేనట్టా?

ఏలూరు,
8 నవంబరు 2004

ఈ ఉత్తరం అందుకున్నవారు ఎవరైతే వారికి,

నమస్కారమండీ. మొన్న సమాధుల పండుగకి కలిదిండి వచ్చి వరదానం మావయ్య సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తే, రాయి మీద ఆయన పేరు పక్కనే కొత్తగా చెక్కిన ‘వరమ్మ’ కనిపించింది. మేనత్త పోతే నాకు కబురైనా లేదు! అక్కడే ఏడ్చాను. ఏళ్ల తరబడి గడప తొక్కనివాణ్ణి, ఏ మొహంతో ఇంటికెళ్లను? తిన్నగా బస్సెక్కేశాను. నిన్న ఆవిడ పేరుతోనే ఉత్తరమొచ్చింది, ‘పండక్కి రాలేదేం’ అని! కాలేజీలో తర్కం చెప్పేవాణ్ణి, దయ్యాల్ని నమ్మను. కానీ రాత్రంతా దీపం ఆర్పలేదు. మీరెవరండీ?

భయంతో,
క్రాంతి కుమార్

తా.క. ఒకవేళ మీరు అత్తయ్యే అయితే, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయండీ?

కలిదిండి,
14 నవంబరు

ప్రియమైన మేనల్లుడికి ప్రభువు పేరట దీవెనలు.

నిక్షేపంలా ఉన్నానురా! ఎజ్రా మేస్త్రి మీ మావయ్య రాయి చెక్కడానికొచ్చినప్పుడు, మళ్లీ పిలవడమెందుకని నా పేరు కూడా చెక్కించేశాను. మనవాళ్లలో జంట రాయికి ఇది మామూలేగా! పోయిన తేదీ చోటు ఖాళీగా ఉంది, చూసుకోలేదూ? ఇంకా రుజువు కావాలా? చిన్నప్పుడు చేపల చెరువులో పడి, లాగూ లేకుండా కొబ్బరాకు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చావు. అది నాకు తప్ప ఎవరికి తెలుసు?

నీ మేనత్త,
వరమ్మ

తా.క. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావేం? నీ భార్య స్నేహలత కేక కూడా వినబడింది.

ఏలూరు,
20 నవంబరు

అత్తయ్యగారికి (అనే అనుకుంటూ),

లాగూ సంగతి మీ ఆత్మకి మాత్రం తెలియదా? ఆ రుజువు చెల్లదండీ. తేదీ చోట మైనం కారింది, ఏమీ కనబడలేదు. దస్తూరీ మీదే, కానీ ఎవరైనా దింపేయొచ్చు. పోనీ కళ్లారా చూసినా, అది కల కాదని ఏమిటి నమ్మకం? ఆ మాటకొస్తే, మీరున్నారని మీకైనా ఎలా తెలుసు? నిదానంగా ఆలోచించి రాయండి.

వణుకుతూ,
క్రాంతి

తా.క. స్నేహలత మీ ఉత్తరాల్ని బైబిల్లో పెట్టి తాడుతో కట్టేసింది.

కలిదిండి,
28 నవంబరు

నాయనా క్రాంతీ,

నువ్వడిగిన దగ్గర్నుంచీ నాకూ అదే అనుమానం పట్టుకుంది. చర్చిలో ఎవరూ పలకరించలేదు. చెయ్యెత్తితే ఆటో ఆగలేదు. పులుసులో ఉప్పు తెలియలేదు. అద్దం చూసుకునే ధైర్యం లేక, మూతకి అద్దమున్న బొట్టుపెట్టెలోంచి దువ్వెన కూడా తియ్యలేదు. ఆఖరికి చేపల నాగరత్నంతో బేరమాడితే, “ఏవండీ, పొద్దున్నే నా ప్రాణం తియ్యకండీ!” అని కసిరింది. ఆనందంతో కళ్లనీళ్లొచ్చాయి. లేనిదాన్ని ఎవరూ కసరరు కదా!

నా సంగతి తేలింది. మరి నీ సంగతో? ఊళ్లోకొచ్చి కూడా ఇంటికి రానివాడు ఉన్నాడని నాకేమిటి రుజువు? ఉత్తరాలు ఎవరైనా రాయొచ్చని నువ్వే అన్నావు. అందుకే ఎజ్రాని పిలిపించి, నా పేరు కింద నీ పేరు చెక్కించాను. క్రిస్మస్ లోగా వచ్చి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటే చెరిపించేస్తాను. రాకపోతే తేదీ కూడా వేయిస్తాను.

నిన్ను చూడాలనుందిరా. ఒక్కదాన్నే ఉండాలంటే భయమేస్తోంది.

ఇట్లు, ఉన్న
వరమ్మ

తా.క. రాయి మీద ఇంకొక్క పేరుకి చోటుంది. స్నేహలతని కూడా తీసుకురా.