బొట్టు పెట్టిన మూల

దసరా మరునాడు, రాత్రి.

జనగామ నుంచి చిల్పూరు చేరేసరికి చీకటి పడింది. అన్నం సహించలేదు.

నిన్న ఫ్యాక్టరీలో మిషన్లకు పూజ చేశాం. ఎలక్ట్రానిక్ చిప్పులుండే ట్రేకు కూడా ఒక మూలన కుంకుమ బొట్టు పెట్టాను. ట్రేకు ఒక మూల కత్తిరించినట్టు ఉంటుంది. దాన్ని చూసే ట్రే ఎటు తిరిగి ఉండాలో తేల్చుకోవాలి. నా బొట్టు పడింది దాని ఎదురు మూలన. ఈ పొద్దున సెట్టింగ్ చేస్తూ, ఎర్రగా కనబడిన మూలనే గుర్తనుకున్నాను. ఆ తర్వాత మిషన్ ప్రతి చిప్పునూ ముందూ వెనకా మార్చి ప్యాక్ చేసింది.

తప్పు పట్టే కెమెరా ఒకటుంది. అద్దానికి ఊదుపొగ పట్టి ఊరికే మిషన్ ఆగిపోతోందని మా షిఫ్టు పెద్ద సదానందమన్న దాన్ని ఆపేశాడు.

నేను కనిపెట్టేసరికి డబ్బాలు వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాయి.

"చెప్తే ఇద్దరి కొలువులు పోతయ్ స్వరూపా. బిగించేటప్పుడు కొన్నోళ్లే పట్టుకుంటరు. నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు అన్న.

"పట్టుకోకపోతే ఎట్లన్నా?"

అన్న కెమెరా అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ చిప్పులు దవాఖానల్లో ఊపిరి అందించే మిషన్లలోకి పోతాయి.

డబ్బాలు వెనక్కొస్తే నా కొలువు పోతుంది. అయినా అవి వెనక్కి రావాలనే మా ఊరి గుట్ట మీది బుగులు వెంకన్నకు మొక్కుకున్నాను. నోరు తెరవలేని పిరికిదాన్ని, నా పని దేవుడి మీద వేశాను. డబ్బాలు తిరిగొచ్చాయని ఇంతవరకు ఫోన్ మోగలేదు.