తోకచుక్కలో ఉన్నది

లక్ష్మమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. ఎల్‌బీ నగర్ ఇంటికి వచ్చినవాళ్లంతా తిని వెళ్లారు. నాకు మాటలు తక్కువని నీకు తెలుసు. అయినా ఒక సంగతి చెప్పాలి.

మన మనవరాలు శ్రావణి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకు పోతోంది. మధ్యాహ్నం పుస్తకంతో నా పక్కన కూర్చుంది.

"తాతా, తోకచుక్కల ఏముంటదో ఎర్కేనా? ఉత్త మంచు, దుమ్మే కాదంట. మన ఒంట్ల మాంసం కట్టే సరుకు సుత ఉన్నదంట. గది రాలిపడితేనే భూమ్మీద పానం పుట్టిందేమో అంటున్నరు."

"పానం తీస్తదంటరు గద బిడ్డా?"

"నువ్వొకనివి తాతా! గదంత ఉత్తదే," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మన తొలిచూలు బిడ్డ పుట్టి పోయిన రోజు మా అమ్మ నిన్ను అన్న మాట గుర్తొచ్చింది. "కడుపుతోటి ఉండి తోకచుక్కను చూస్తదా? బిడ్డను మింగింది," అంది. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. తోకచుక్క కనబడిన తెల్లవారుజామున నిన్ను లేపి వాకిట్లోకి పిలిచింది నేను. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ చుక్కల వేళ నువ్వు తలెత్తలేదు.

"నాయినమ్మ చూసిందా ఎప్పుడన్న?" అని అడిగింది శ్రావణి.

"చూసింది. నేనే లేపి చూపిచ్చిన," అన్నాను. ఇన్నేళ్లకు ఆ మాట గొంతు దాటింది. వంటింట్లో కొడుకూ కోడలూ కూడా విన్నారు.

"భయపడ్డదా?"

"లేదు బిడ్డా. జర ఆగు, ఇంకాసేపు చూస్తా అన్నది."