తెల్లాయన అడిగిన గది

2004 ఫిబ్రవరి 8

మైకు టెస్టింగు. "యావన్మంది ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా — మైకుసెట్టు నర్సింహులు గారి దువ్వెన నిన్న సాయంత్రం నుండి కనపడుటలేదు. పళ్లు పదిహేడు. దొరికినవారు పేలతో సహా వాపసు చేయవలెను. లేనిచో చట్టరీత్యా చర్య తీసుకోబడును."

నా మీద నేనే వేసుకున్న జోకుకు ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి మనుషులుంటే కదా. కొండన్న తన పొలంలో వేసిన బరిలో బండలాగుడు పోటీ అంటే ఒకప్పుడు ఆళ్లగడ్డ బస్సుల టాపుల మీద కూడా జనం. ఇవాళ నలభై మంది. అందులో పదకొండు మంది వంటవాళ్లు. ఎద్దుల జతలు మూడు. ఒకటి కొండన్నదే.

ఫిబ్రవరి 9

నిన్న కోయిలకుంట్ల రైతు తన జతను మధ్యలోనే విప్పేశాడు. "ఏందప్పా ఇది, ఎద్దుల్ని తిప్పుకునేదానికే టైమంతా పాయె. బండ లాగేది ఎప్పుడు?"

నిజమే. ఇరవై నిమిషాల్లో ఎంత దూరం లాగితే అంత పేరు. బరి చివరికి వచ్చిన ప్రతిసారీ జతను తిప్పాలి. మూడొందల అడుగుల బరి రెండొందలైంది — మిగిలిన వందలో ఈత కొలను. మలుపులు ఎక్కువ, దూరం తక్కువ. ఇక్కడ గెలిచినా పేరు రాదు.

కొలనుకు సున్నం గీత గీసిన రోజే నేను అడుగులేసి కొలిచాను. కొండన్నకు చెప్పలేదు. ఏమవుతుందో చూద్దామనిపించింది.

ఫిబ్రవరి 21

వచ్చేపోయే టూరిస్టుల కోసమని బరి పక్కన కొండన్న కట్టించినవి ఎనిమిది కాటేజీలు. ఒకదాంట్లో కోళ్లు. మిగతా ఏడింటికి అవి కూడా రాలేదు.

మార్చి 3

ఈ కాటేజీలు, కొలను అంతటికీ మూలం ఒక తెల్లాయన. రెండేళ్ల కింద అహోబిలం పోతూ దారిలో ఆగాడు, పోటీ చూశాడు, నన్ను అడిగాడు — ఇట్లాంటిది ఎక్కడా చూడలేదు, నాలుగు రోజులుంటాను, గది దొరుకుతుందా అని. టీ కొట్టు దగ్గర కొండన్నకు చెప్పాను.

"ఏమన్న్యాడు? మళ్లా చెప్పు నర్సిమా."

ఏడుసార్లు చెప్పించుకున్నాడు. ఏడోసారికి తెల్లాయనకు పెళ్లాం, టోపీ కూడా వచ్చాయి.

నెల తిరక్కముందే పొలం కాగితాలు నంద్యాల బ్యాంకులో తాకట్టు. కాటేజీలు, పడవల చెరువు, గేటుకు అటూ ఇటూ సిమెంటు ఎద్దులు. వాటికి మేస్త్రీ పళ్లు పెట్టలేదు. పళ్లు చూసే కదా ఏ ఎద్దును ఏ పోటీలో దించాలో తేల్చేది... "వీటిని ఏ పోటీలో దింపుతావన్నా?" అన్నాను. ఆ రోజుల్లో కొండన్న నవ్వేవాడు.

ఏప్రిల్ 12

పడవల చెరువు ఎండింది. రెండు పడవలూ బోర్లా.

కొండన్న ఎద్దులకు ఉలవలు పెడుతున్నాడు. తొమ్మిది పోటీలు గెలిచిన జత. "బరి పోతే పోనీ. వీట్ని మాత్రం అమ్మను."

"యాడ కడ్తావన్నా? కాటేజీలోనా?"

ఎద్దు మూతి తుడుస్తూ కూర్చున్నాడు.

మే 6

బ్యాంకాయన నా కొట్టుకు వచ్చాడు. కొండన్న అప్పు కట్టలేదని బరి వేలం. ఆటోకు మైకు కట్టి, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా చెప్పాలట. ఊళ్లో ఇంకో మైకుసెట్టు లేక కాదు. ఉంది. నేనే ఒప్పుకున్నాను.

మే 7

కాటేజీల ప్రారంభానికి ఏ గొంతుతో జనాన్ని పిలిచానో అదే గొంతు. కాగితంలో లేనిది కూడా కలిపాను — "ఈత కొలను గలదు. నీళ్లు మాత్రం కొన్నవారే పోసుకోవలెను." ఆటో వెనక పిల్లలు ఒకటే నవ్వు.

బరి గేటు దగ్గర కొండన్న చెయ్యెత్తి ఆపాడు.

"బాగా చెప్తాండావ్ నర్సిమా. ఒకటే తప్పు. బరి మూడొందల అడుగులంటాండావ్. రెండొందలే."

మే 19

వేలానికి ఎవరూ రాలేదు. వచ్చే నెల మళ్లీ పెడతారట. ఈలోగా ఎంతో కొంత కడదామని కొండన్న జతను అమ్మేశాడు. కొన్నది ఆ కోయిలకుంట్ల రైతే. లారీ ఎక్కించేటప్పుడు కొండన్న లేడు. అతని భార్య పట్టుకుంది పగ్గాలు. నన్ను చూసింది.

"ఇది మైకులో చెప్పలేదేమప్పా?"

 

మే 22

కొండన్న వచ్చాడు. చేతిలో విదేశాలకు పంపే కవరు.

"ఆ తెల్లాయన అడ్రస్సు రాసుకున్న్యా అంటివి కదా. ఒక జాబు రాద్దాం. ఆయనొచ్చి నాలుగు దినాలు ఉంటే చాలు, బ్యాంకోళ్లకు చూపిస్తా. వేలం ఆపుతారు."

"యాడ పెట్టినానో ఎతకల్లన్నా."

"ఏ దేశమో అదన్నా చెప్పు."

"జర్మనీ."

రాసుకున్నాడు. పెద్ద అక్షరాలు, కింద గీత. ఊరి పేరు రేపొచ్చి రాసుకుంటానన్నాడు. పోతూ పోతూ నా కొట్టు గడప దగ్గర ఆగాడు — "ఆయన పెండ్లాం గూడా వస్తాదంటావా? కోళ్ల కాటేజీ కడిగిస్తా."

పొద్దున్నే వస్తాడు. ఊరి పేరు కావాలి...

అసలు ఏ తెల్లాయనా ఎన్నడూ రాలేదు. ఆ రోజు కొట్టు దగ్గర టీ రావడం ఆలస్యమైంది. పొద్దుపోక ఊరికే అన్నాను.