భుజాలెక్కిన ముసలాయన

జురాంగ్ వెస్ట్, సింగపూర్, శుక్రవారం, ఆగస్టు 1999

రాత్రి ఇషా నమాజు అయ్యాక కూడా మనసు కుదురుకోలేదు. సాయంత్రం మనవరాలు సనాకి ఏడు సముద్రయాత్రలు చేసిన అరబ్బు వర్తకుడి కథ చెప్పాను. ఒక దీవిలో ముసలాయన అతని భుజాలెక్కి దిగనే దిగడు. చివరికి వర్తకుడు అతనికి సారా తాగించి వదిలించుకున్నాడని అసలు కథ. పసిదాని దగ్గర సారా మాట ఎందుకని, "జాలిపడి తనే దిగిపోయాడు" అన్నాను.

"సో నైస్ లా, నానీ! దెన్ ఎక్కడికి పోయాడు?"

రేపు చెప్తానన్నాను సనాతో.

అన్నాల దగ్గర మా అమ్మాయి, "ఇంకో ఏడాది ఇక్కడనే ఉండు అమ్మీ, నీ విజిట్ పాస్ పొడిగిద్దాం" అంది. సాఫ్ట్‌వేర్ పనితో అలసి వచ్చిన అల్లుడు తలెత్తలేదు. అది అలసటేనా, నా బరువా? యా అల్లాహ్, ఏమీ తెలియడం లేదు. రేపు అమ్మాయికి అవునో కాదో చెప్పాలి. సనాకి కూడా, దిగిపోయిన ముసలాయన ఎక్కడికి పోయాడో.