జాతర ట్రాక్టరు

పునరావాస కాలనీ,
జడ్చర్ల తోవ,
నవంబరు 12.

తమ్ముడు పరశురాములుకు అక్క అండాలు దీవెనలు.

ఇక్కడ నేను, అవ్వ బాగానే ఉన్నాం. నువ్వూ మరదలూ, మీ వెంట జీవాలూ క్షేమమని తలుస్తాను. నీ బిడ్డ మల్లిక కూడా బాగున్నదని మాత్రం ఈసారి రాయలేను. ఫోన్లో ఎందుకు చెప్పవని అడిగావు. రేకుల గది ఒక్కటే. ఏ మూల నిలబడి మాట్లాడినా పిల్ల వింటుంది. అందుకే ఈ ఉత్తరం. గొర్రెల మందులు తెస్తున్న విజేందర్ చేతికిస్తున్నాను.

అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. మందను ఇటు తోలుకొస్తే ఎట్లా అన్నావు. వద్దు. ఇంటికీ ఇంటికీ మధ్య దడి కట్టే జాగా లేదు. మేతకు పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి.

ఇక మల్లిక సంగతి. ఇక్కడికొచ్చి పద్నాలుగు నెలలు. బడికి పోతుంది, లెక్కలు చేస్తుంది. బడి దాటి అడుగు వేయదు. బండి చప్పుడైతే కిటికీ ఊచ పట్టుకుంటుంది. చప్పుడు పోయినా వదలదు. బోనాల తర్వాత మాట్లాడటం మానేసింది. మా వీధిలో ఇట్లాంటి పిల్లలు నలుగురున్నారు. కిష్టయ్య మనవడు ఎనిమిదో ఏట మళ్ళీ పక్క తడుపుతున్నాడు.

నెలకోసారి వచ్చే నర్సు సుచరిత, పాలమూరు దవాఖానలో పిల్లల మనసు చూసే డాక్టరుకు చూపించమన్నది. మూడుసార్లు ఆటో పిలిచాను. మూడుసార్లూ ఊచ నుంచి పిల్ల చెయ్యి విడిపించలేకపోయాను. "అక్కా, కిరాయి ఇయ్యకున్నా మంచిదే గని గట్ల గుంజకు, చెయ్యి ఇరుగుతది" అన్నాడు ఆటో సురేశ్. అవ్వేమో "పిల్లకు గాలి సోకింది, నీకు సదువు సోకింది. యాపమండ తే, దిగదుడుస్త" అని నాతో రోజూ కొట్లాట.

ఊరు వదిలిన రోజు ఏమైందని సుచరిత అడిగింది. "ఏంలే, జర భయపడ్డది" అన్నాను. నీకూ అప్పట్లో అదే చెప్పాను. అది నిజం కాదు.

ఆనాడు మీరిద్దరూ మందతో ముందే పోయారు. రిజర్వాయరు నీళ్లు బడి మెట్ల దాకా వచ్చాయి. ట్రాక్టరు ఆగి ఉంది. మల్లిక దొడ్డి గుంజను పట్టుకొని రానన్నది. నేనన్నాను: "బీరప్ప జాతరకు పోతున్నం బిడ్డా. మూడొద్దులల్ల మళ్ళొస్తం." కొత్త గౌను తొడిగాను. జాతరకు పెట్టినట్టే నుదుట పసుపు బండారు పెట్టాను. నన్ను చూసి అక్కడున్న తల్లులూ తమ పిల్లలకు అదే చెప్పారు. పిల్లలంతా దారి పొడుగునా నోటితో డోలు కొడుతూ వచ్చారు. మల్లిక ఒక్కతే కొట్టలేదు.

మొన్న ఇదంతా సుచరితకు చెప్పాను. నాకు కాదు, పిల్లకు చెప్పమన్నది. కిటికీ కింద కూర్చొని చెప్పాను. "ఊరు మునిగింది. మళ్ళీ పోయేది లేదు. నాకప్పుడే ఎరుక. అబద్ధం చెప్పిన బిడ్డా."

నాలుగు నెలల తర్వాత మొదటిసారి మాట్లాడింది.

"నాకు గూడ ఎరికే అత్తా. జాతర వానకాలంల ఉండది గదా."

"మరెందుకెక్కినవ్?"

"నేను ఎక్కకుంటే నువ్వు గూడ ఆడనే ఉంటుంటివి."

అంతే. మళ్ళీ మాట లేదు. ఊచ వదల్లేదు.

నీ ఉత్తరం చివర "వచ్చే వారం వస్తనని బిడ్డకు చెప్పు" అని రాశావు. ఆ ఒక్క మాట చదివి వినిపించలేదు. మందను నడుమ వదిలి వారంలో రాలేవని నీకూ నాకూ తెలుసు. పిల్లకూ తెలుస్తుంది. నిజంగా రాగలిగే తేదీ రాయి, అది చదువుతాను. వచ్చేటప్పుడు కాలనీలోకి బండి మీద రాకు, నడిచి రా. పాలమూరు దవాఖాన ఇక్కడికి ఇరవై రెండు కిలోమీటర్లు. మంద వెంట అంతకు రెండింతలు నడిచిన పిల్ల. నీ వెంట నడుస్తుందేమో అడుగుదాం.

ఇట్లు,
ఈసారి ఏమీ దాచని నీ అక్క,
అండాలు