తవుడు మాట

గోపాలపట్నం, ఆగస్టు 1979

శుభాకరన్నయ్యకి జయమణి వందనాలు. ఒంట్లో అందరికీ బాగానే ఉంది.

నిన్న మా ఎస్తేరు పక్కింటి చిట్టమ్మ గేదెకి ఉంచిన తవుడు గౌను నిండా ఎత్తుకొచ్చింది. "అమ్మా, దీన్ని ఎక్కడైనా దాసీ. నన్ను అమ్మినోళ్ళు మళ్ళీ వొచ్చి అడిగితే ఇదిచ్చీ. నన్ను మాత్రం ఇవ్వకు" అంది. యారాడలో తల్లి పోయిన పసిగుడ్డుని తెచ్చి పెంచుకుంటన్నామని దానికి ఇంతవరకూ చెప్పనేలేదు కదా! ఎవరు సెప్పేరే అంటే, "మావయ్యే. నన్ను తవుడిచ్చి కొన్నారట కదా" అంది.

మొన్నొచ్చినప్పుడు ఏటి అన్నావో నీకు గుర్తయినా ఉందా? చిన్నప్పుడు మనల్నీ అలాగే అనీవోరు, మనం నవ్వీసీవోళ్ళం. ఇది నవ్వలేదన్నయ్యా. మీ బావ పోర్టు నుంచొచ్చి విని, కేరేజీ చేతిలో పట్టుకునే గుమ్మంలో కూలబడిపోయారు.

అమ్మకి దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటొస్తే కొత్త చింతపండు పంపు. వదినకి వందనాలు, పిల్లలకి ముద్దులు.

ఆ తవుడు చిట్టమ్మకి ఇచ్చీద్దామంటే పిల్ల ఒప్పుకోదు, బియ్యం డబ్బా వెనక దాసింది. ఆదివారం చర్చి నుంచొచ్చాక నిజం మేమే చెప్పీస్తాం. నువ్వు దాని పేరున ఒక కార్డు రాయి. తవుడు మాట ఒక్కటే అబద్ధమని రాయి. నీ మాటైతే నమ్ముతాది.